కాలువ గట్టు మీద ఇల్లు, పది రోజుల్లో ఖాళీ చెయ్యమంటున్నారు

ప్రశ్న: పాలకొల్లు దగ్గర పంట కాలువ గట్టు మీద 22 ఏళ్లుగా ఉంటున్నాం. కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను కడుతున్నాం. మొన్న ఇరిగేషన్ వాళ్లొచ్చి గోడ మీద ఎర్ర గుర్తేసి, పది రోజుల్లో ఖాళీ చెయ్యమని చెప్పి వెళ్లారు. భర్త లేరు, మంచంలో అత్తగారు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. పన్నెండేళ్లు దాటితే స్థలం మనదే అంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదమ్మా. ఆ పన్నెండేళ్ల లెక్క ప్రైవేటు స్థలాలకి. ప్రభుత్వ భూమికి 30 ఏళ్లు, మీకు అదీ నిండలేదు. మీటరు బిల్లులు, పన్ను రసీదులు స్థలాన్ని మీ పేరున చెయ్యవు గానీ జాగ్రత్త చేసుకోండి, ఇన్నేళ్లు అక్కడే కాపురం ఉన్నారనడానికి అవే సాక్ష్యం.

అలాగని రేపే జేసీబీ పెట్టి తోసెయ్యడానికీ లేదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం ముందు సెక్షన్ 7 నోటీసు రావాలి, మీరు చెప్పుకునేది వినాలి. గోడ మీద రంగు నోటీసు కాదు. అసలు నోటీసు వస్తే మాత్రం తలుపేసుకోకండి, తీసుకుని జవాబు రాసివ్వండి.

2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన బుల్డోజర్ తీర్పు, అదే కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలన్నది, వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. రోడ్లు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల్లాంటి చోట్ల కట్టినవాటికి అది వర్తించదని ఆ తీర్పులోనే ఉంది. మీది కాలువ గట్టు, కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

మీకు పనికొచ్చేది 1985 నాటి ఓల్గా టెల్లిస్ కేసు, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికినవాళ్లది. బతుకుతెరువు కూడా రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులోదే అంది సుప్రీంకోర్టు. ఫుట్‌పాత్ మీదే ఉండిపోయే హక్కు మాత్రం ఇవ్వలేదు, వానాకాలం గడిచేదాకా, అక్టోబరు 31 వరకు కదిలించొద్దంది. 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో తల దాచుకునే గూడూ ఆ హక్కులో భాగమేననీ, గూడంటే గాలి, వెలుతురు, మంచినీళ్లు, కరెంటు, రోడ్డుతో సహా అనీ చెప్పింది.

అందుకే గట్టు మీద పట్టా కోసం తిరిగి చెప్పులరగదీసుకోకండి, అది రావడం చాలా కష్టం. వేరే చోట ఇంటి స్థలం, అది చేతికొచ్చేదాకా గడువు, ఈ రెండూ అడగండి. అత్తగారి పరిస్థితి, పిల్లల బడి రాసి, రేషన్ కార్డు నకలు జతచేసి తహసీల్దారుకి ఒక అర్జీ, భీమవరం కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లో ఇంకొకటి ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోండి. కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో పనులు హడావుడిగా సాగుతాయి, ఆలస్యం చెయ్యొద్దు.

లాయరు ఫీజు టెన్షన్ అక్కర్లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా ఉచితమే. 15100కి ఫోన్ చెయ్యండి, లేదా కోర్టులో ఉండే మండల న్యాయ సేవా కమిటీలో అడగండి. నోటీసు లేకుండా మెషిన్ వచ్చేస్తోందని తెలిస్తే హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, కూల్చకుండా స్టే అడగొచ్చు. అప్పుడు ఆ అర్జీ రసీదులే ముందు చూపించాలి.