జావ తాగి సత్ప్రసాదానికి వెళ్ళడం తప్పా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో క్యాథలిక్ కుటుంబం. బాబుకు అయిదో నెల. పాలిస్తున్నాను కాబట్టి తెల్లారేసరికి ఆకలి దంచేస్తుంది. పోయిన ఆదివారం ఆరింటికి రాగిజావ తాగి ఆరున్నర పూజకు (మాస్‌కు) వెళ్ళాను. సత్ప్రసాదానికి (పూజలో ఫాదర్ ఇచ్చే కమ్యూనియన్ అప్పానికి) లైన్లో నిలబడితే మా అత్తయ్య కొంగు పట్టి లాగి, "కడుపు నింపుకొని వచ్చి ప్రభువును ఎలా తీసుకుంటావ్?" అన్నారు. అందరూ చూశారు. ఏడుపు ఆపుకొని వెనక్కి వచ్చి కూర్చున్నాను. అర్ధరాత్రి దాటాక ఏమీ ముట్టకూడదని వాళ్ళమ్మ నేర్పారట. ఆవిడకు అరవై ఆరేళ్ళు, షుగర్ ఉంది. గుక్కెడు నీళ్ళతో మాత్ర వేసుకొని పరగడుపునే వస్తారు. ఈ మధ్య గుడిలో కళ్ళు తిరిగి కూలబడ్డారు కూడా. మా ఆయనకు చెబితే "అమ్మతో గొడవెందుకు" అంటారు. నేను పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. మీరు ఏ నియమమూ మీరలేదు. సత్ప్రసాదం తీసుకునే ముందు ఒక గంటపాటు మంచినీళ్ళు, మందులు తప్ప ఇంకేమీ తీసుకోకూడదని శ్రీసభ (క్యాథలిక్ సభ) చట్టం 919వ నిబంధన చెబుతోంది. ఆ గంటను పూజ మొదలైన దగ్గర నుంచి కాదు, సత్ప్రసాదం అందుకునే సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఆరున్నర పూజలో ప్రసంగం అయ్యి, లైన్ కదిలేసరికి ఏడుంపావు అవుతుంది. మీరు జావ తాగింది ఆరింటికి. గంటకు పైగా అయింది. అంటే ఆ రోజు మీరు వెనక్కి రావాల్సిన పనే లేదు.

మీ అత్తగారి మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఒకప్పుడు అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా తాగకూడదనే నియమం నిజంగానే ఉండేది. నీళ్ళకు 1953లో 12వ పయస్ పోపు అనుమతి ఇచ్చారు. 1957లో ఆయనే అన్నానికి మూడు గంటలు, పాలూ కాఫీల్లాంటి వాటికి గంట చాలన్నారు. 1964లో 6వ పౌలు పోపు అన్నిటికీ కలిపి గంట చేశారు. మీ అత్తగారి వయసు చూస్తే, అప్పటికి ఆవిడ చిన్నపిల్ల. నియమం మారినా ఇంట్లో వాళ్ళమ్మ మాటే నిలిచింది. ప్రభువును పరగడుపునే అందుకోవాలన్న ఆ భక్తిని నేను తక్కువ చేయను. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళు గంట కంటే ఎక్కువసేపు ఉండాలనుకుంటే ఎవరూ కాదనరు. దాన్ని ఇంకొకరి మీద రుద్ది, పదిమందిలో లైన్లోంచి లాగడం మాత్రం ఆవిడ చేయాల్సిన పని కాదు.

నిజం చెప్పాలంటే, మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది మీ జావ కాదు, ఆవిడ మాత్ర. కొన్ని షుగర్ మాత్రలు వేసుకొని ఏమీ తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు, కళ్ళు తిరగడం దాని గుర్తులే. గుడిలో కూలబడ్డారంటే ఇక వాయిదా వేయకండి. ఈ వారమే డాక్టర్‌కు చూపించి, ఆదివారం మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, ముందు ఏం తినాలో అడగండి. అదే 919వ నిబంధన ఇంకో మాట కూడా అంటుంది: వృద్ధులు, జబ్బుతో ఉన్నవాళ్ళు, వాళ్ళను చూసుకునేవాళ్ళు గంటలోపు ఏమైనా తిన్నా సత్ప్రసాదం తీసుకోవచ్చు. అంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ సడలింపు ఉన్నది ఆవిడకే! పైగా మాత్ర కోసం గుక్కెడు నీళ్ళు ఆవిడ ఎప్పుడో ఒప్పుకున్నారు కదా. ఆ గుక్కెడు నీళ్ళ పక్కన రెండు ఇడ్లీలు ఒప్పించడమే మిగిలింది.

అయితే ఇవన్నీ మీరు చెప్పకండి. కోడలు ఫోన్లో చట్టం చూపిస్తే ఏ అత్తగారికైనా అది ఎదురు మాటలాగే వినబడుతుంది. ఈ పని మీ ఆయనది. గొడవ వద్దని ఆయన ఊరుకున్నందుకే మీరు పదిమందిలో తల దించుకోవాల్సి వచ్చింది. ఆయన అమ్మను వెంటబెట్టుకొని, పూజ అయ్యాక తీరిగ్గా మీ విచారణ (ప్యారిష్) ఫాదర్ గారి దగ్గరకు వెళ్ళాలి. మీ జావ సంగతి ఎత్తకుండా, "ఫాదర్, అమ్మకు షుగర్, పొద్దున్నే తినొచ్చా?" అని అడగాలి. ఆవిడకు అనుమతి ఫాదర్ గారి నోటి నుంచి వస్తే ఇంట్లో సగం గొడవ దానంతట అదే సద్దుమణుగుతుంది. గంట లెక్క కూడా అక్కడే తేలుతుంది.

కొంగు లాగిన విషయం మాత్రం వదిలేయకండి. ఇంట్లో, ఎవరూ లేనప్పుడు, "అత్తయ్యా, నా మీద కోపం వస్తే ఇంటికొచ్చాక చెప్పండి, గుడిలో మాత్రం అలా చేయకండి" అని మెల్లగా అనండి. అంతకంటే పొడిగించొద్దు.

వచ్చే ఆదివారం జావ ఆరింటికే తాగేయండి, తరువాత నీళ్ళే. సత్ప్రసాదానికి వెళ్ళండి. మీ బ్యాగులో బాబు బట్టలతో పాటు గ్లూకోజు పొట్లం ఒకటి పెట్టుకోండి. ఆవిడకు చెమట పట్టి, చేతులు వణికితే పూజ మధ్యలో అయినా సరే, నీళ్ళలో కలిపి తాగించి, వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయమని మీ ఆయనకు చెప్పండి.