కొత్త ట్రాక్టరు మీటరులో 00147 ఉంటే అది ఎన్ని గంటలు?

మీరు అడిగింది ఇదీ: తిరుపతి షోరూంలో 45 హెచ్‌పీ కొత్త ట్రాక్టరు చూశారు. మీటరులో 00147 ఉంది. సేల్స్ అబ్బాయి "కొత్త బండే అన్నా, ఫ్యాక్టరీ టెస్టింగులో తిరిగింది అంతే" అంటున్నాడు. 147 గంటలు దున్నిన బండిని మీకు అంటగడుతున్నారేమోనని మీ అనుమానం.

ముందు ఆ చివరి అంకె చూడండి. సూదితో ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) చూపించే మీటర్లలో సూది కింద చిన్న గడిలో అంకెల చక్రాలు వరసగా ఉంటాయి. చాలా మోడళ్లలో కుడిచేతి వైపు చివరి చక్రం రంగు మిగతావాటికి వేరుగా ఉంటుంది. అది గంటలో పదో వంతు, అంటే 6 నిమిషాలు. మధ్యలో చుక్క అచ్చు వేసి లేకపోయినా ఉన్నట్టే లెక్క. అలాంటి మీటరైతే మీ 00147 అంటే 14.7 గంటలు. 14 గంటల 7 నిమిషాలు కాదు, 14 గంటల 42 నిమిషాలు.

రంగు తేడా తెలియడం లేదా? బండి స్టార్ట్ చేయించి, మీటరు మీద 540 పీటీవో (రోటవేటరు లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) గుర్తు ఉన్న దగ్గర ఆర్పీఎం నిలబెట్టి, ఫోన్లో టైం పెట్టుకుని పావుగంట చూడండి. ఆ లోపల చివరి చక్రం రెండు మూడు అంకెలు జరిగితే అది పదో వంతు చక్రం. జరిగీ జరగనట్టు పావు వంతు మాత్రమే కదిలితే అది పూర్తి గంటల చక్రం, అప్పుడు మీ అనుమానం నిజమే. ఈ పరీక్షకు షోరూం వాళ్లు అభ్యంతరం చెప్పడానికి కారణమేమీ లేదు.

అయితే 14.7 అని తేలినంత మాత్రాన సేల్స్ అబ్బాయి మాట నిజమైపోదు. ఫ్యాక్టరీలో ఇంజన్, గేర్లు, హైడ్రాలిక్ పరీక్షకు, యార్డులో అటూ ఇటూ తిప్పడానికి, లారీ ఎక్కించి దించడానికి, డీలరు దగ్గర డెలివరీ ముందు తనిఖీకి అన్నీ కలిపినా మామూలుగా 1 నుంచి 5 గంటల లోపే ఉంటుంది. లారీలో కాకుండా రోడ్డు మీద తోలుకొచ్చి ఉంటే కొంత పెరుగుతుంది. తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు, ట్రాక్టరు 25 కిలోమీటర్ల స్పీడులో వస్తే మూడు గంటల లోపు ప్రయాణం. ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి అలా తోలారనుకున్నా 8, 9 దగ్గర ఆగాలి. మిగిలిన ఐదారు గంటలు ఎక్కడివి అన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న. నా లెక్కలో 5 లోపు అడగనక్కర్లేదు. 10 దాకా కారణం చెబితే చాలు. 10 దాటితే కారణం కాగితం మీద చూపించాలి. 30 దాటిన బండిని డెమో బండిగానే చూడాలి, ధర కూడా డెమో ధరే మాట్లాడాలి.

ఇక్కడ ఇంకో సంగతి. అన్ని మీటర్లూ గడియారం గంటలు లెక్కపెట్టవు. కేబుల్‌తో నడిచే మీటరు లెక్కపెట్టేది ఇంజన్ చుట్లను. ఉదాహరణకు 1500 ఆర్పీఎంకు సరిచేసిన మీటరు అనుకోండి. ఇంజన్ 90,000 చుట్లు తిరిగితే మీటరులో ఒక గంట పడుతుంది. 750 ఆర్పీఎం ఐడ్లింగులో గడియారం ప్రకారం గంటసేపు నిలబెడితే మీటరులో అరగంటే పడుతుంది. 2000 ఆర్పీఎంతో రోడ్డు మీద గంట తోలితే 1.3 పడుతుంది. పైన చెప్పిన 70 కిలోమీటర్ల ప్రయాణం ఇంజన్‌ను 2000 దగ్గర పెట్టి తోలితే మీటరులో 2.8 బదులు 3.7 దాకా కనిపిస్తుంది, అందులో మోసం లేదు. మీ మోడల్‌ను ఏ ఆర్పీఎంకు సరిచేశారో ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది, చదివించుకోండి.

డిజిటల్ మీటరు తీరు వేరు. అందులో ఇంజన్ నెమ్మదిగా తిరిగినా వేగంగా తిరిగినా గంటకు గంటే. ఆల్టర్నేటర్ సిగ్నల్‌తోనో ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తోనో ఇంజన్ నడుస్తున్నట్టు తెలుసుకుని లెక్క మొదలుపెడుతుంది. కొన్నింటిలో తాళం ఆన్ చేసి వదిలేసినా లెక్క సాగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, పది నిమిషాలు చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది. షోరూంలో వచ్చినవాళ్లందరికీ లైట్లు, హారన్ చూపించడానికి తాళం ఆన్ చేసి ఉంచే అలవాటు ఉంటే ఇలాంటి బండికి ఊరికే ఒకటి రెండు గంటలు ఎక్కువ పడొచ్చు. పది పడవు. 50 హెచ్‌పీ పైన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 ఉద్గార నిబంధనలు వచ్చాక చాలావాటిలో కామన్ రైల్ ఇంజన్, దానికో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటరు) ఉంటున్నాయి. అలాంటి బండి డిస్‌ప్లేలో గంటల మీద అనుమానం వస్తే సర్వీసు ఇంజనీరును స్కానర్ పెట్టి ఈసీయూలోని రన్నింగ్ అవర్స్ చూపించమనండి. డిస్‌ప్లే మార్చినా ఈసీయూ లెక్క అలాగే ఉంటుంది. మీది 45 హెచ్‌పీ, సూది మీటరు కాబట్టి బండినే పరీక్షగా చూడాలి.

మీటరు తక్కువ చూపించడం కష్టమేం కాదు. మీటరు వెనక కేబుల్ నట్టు విప్పితే చాలు, గంటలు ఆగిపోతాయి. ఆర్పీఎం సూది కూడా కదలదు కానీ పొలంలో డెమో చూసేవాళ్లు సూదిని ఎవరు చూస్తారు? అందుకే 3 గంటలు చూపించే బండిని కూడా నమ్మేయకుండా కిందికి వంగి చూడాలి. కేబుల్ రెండు కొసల దగ్గర నట్టు మీద స్పానరు గాట్లు, ప్లయర్ పళ్ల ముద్రలు ఉంటే ఎందుకు విప్పారని అడగండి.

అన్నిటికన్నా నిజం చెప్పేది బండి వెనక భాగం. పీటీవో షాఫ్టు మీద మూత తీయించి పళ్లు చూడండి. రోటవేటరు తగిలించని షాఫ్టు పళ్ల మీద ఫ్యాక్టరీ గ్రీజో, తుప్పు పట్టకుండా పూసిన పూతో సమానంగా ఉంటుంది. నాలుగైదు గంటలు రోటవేటరు తిప్పితే చాలు, ప్రతి పన్నుకూ ఒక పక్క మాత్రమే సన్నటి మెరుపు గీత పడుతుంది, లోడు ఒకే వైపు నుంచి పడుతుంది కాబట్టి. పైన రంగు కొట్టినా ఆ పక్క వేలితో తడిమితే నున్నగా తగులుతుంది. తరువాత లోయర్ లింకుల (పనిముట్టును తగిలించే రెండు కింది చేతుల) కొసల్లో గుండు రంధ్రం లోపల చూడండి, పిన్ను దూరి ఉంటే రంగు రాలి ఇనుము కనిపిస్తుంది. డ్రాబార్ రంధ్రం చుట్టూ ట్రాలీ పిన్ను రాపిడి కూడా అంతే. పైపైన కడిగి పాలిష్ కొట్టిన బండిలో కూడా ఈ మూడు చోట్లా ఆనవాళ్లు మిగులుతాయి.

మన ప్రాంతంలో డెమో అంటే సామాన్యంగా శనక్కాయ చేనులోనో మామిడి తోటలోనో కల్టివేటరు, రోటవేటరు పెట్టి చూపిస్తారు. ఎర్ర మన్ను గ్రీజు నిపిల్స్ చుట్టూ, ఫుట్‌బోర్డు అడుగున, రేడియేటర్ ముందు జాలీ మూలల్లో పట్టుకుంటే నీళ్ల ప్రెషర్ పెట్టినా పూర్తిగా పోదు. శ్రీకాళహస్తి, ఏర్పేడు వైపు వరి మడిలో దమ్ము చేసిన బండైతే వెనక యాక్సిల్ హబ్ బోల్టుల సందుల్లో బురద ఎండి ఉంటుంది, ఇనుప చక్రాలు బిగించి విప్పిన బోల్టు తలల మీద రంగు లేచిపోయి ఉంటుంది. దమ్ము చేసిన బండి విషయంలో మాత్రం నేను రాజీపడను, ఎందుకంటే యాక్సిల్ సీళ్లలోకి, బ్రేకుల్లోకి బురదనీళ్లు చేరాయో లేదో బయటినుంచి చూస్తే తెలియదు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటే దాని గిన్నె దించమనండి. కొత్త బండిలో ఆయిల్ తేటగా ఉంటుంది, అడుగున మట్టి మడ్డి ఉంటే అది రోడ్డు మీద తిరిగి చేరిన మట్టి కాదు. టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు ముందూ వెనకా ఎంత మిగిలాయో కూడా చూడండి. రోడ్డు మీద కొద్ది దూరం తోలితే నేలకు తగిలే చోట మాత్రమే పోతాయి, పొలంలో దిగితే టైరు మీది ఉబ్బెత్తు కట్టెల పక్కల్లోవి కూడా పోతాయి.

ఇదంతా ఎందుకంటే, మొదటి 50 గంటలు ఇంజన్‌కూ గేర్లకూ కుదురుకునే కాలం. కొత్త భాగాలు ఒకదానికొకటి రాసుకుని రాలే ఇనుప రజను ఆయిల్‌లో కలుస్తుంది. అందుకే చాలా మోడళ్లకు మొదటి సర్వీసు 50 గంటలకు పెట్టి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, బోల్టులు మళ్లీ బిగిస్తారు. ఈ కాలంలో పూర్తి లోడు మీద లాగించకూడదు, గంటల తరబడి ఐడ్లింగులో వదలకూడదు, ఒకే ఆర్పీఎంలో కదలకుండా పెట్టకూడదు. డెమో బండిని తోలినవాడికి ఇవేవీ పట్టవు, బండి బలం చూపించడమే వాడి పని. 14.7 గంటల బండి తీసుకుంటే మీ చేతికి కుదురుకునే కాలంలో 35 గంటలే మిగులుతాయి, ఫ్రీ సర్వీసు కూపన్ కూడా అంత తొందరగా వస్తుంది. అదే 48 గంటల బండైతే ఇంటికి చేరేసరికే సర్వీసు టైం అవుతుంది. అలాంటప్పుడు షోరూం నుంచి కదలక ముందే మొదటి సర్వీసు చేయించి సర్వీసు పుస్తకంలో రాయించాలి.

గంటలు తక్కువున్నా బండి పాతదై ఉండొచ్చు. మీటరులో 1.5 ఉంటుంది, కానీ యార్డులో ఏడాది ఎండకు ఎండి ఉంటుంది. ప్లేటు మీద తయారీ నెల, సంవత్సరం చూడండి, ఫారం 21 సేల్ సర్టిఫికెట్‌లో కూడా అదే ఉండాలి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 3224 అంటే 2024లో 32వ వారం. టైరు తేదీ బండి తయారీ కంటే కొంచెం ముందుది కావడం సహజం, బండి తయారీ తరువాతి తేదీ అయితే టైరు మార్చారని అర్థం. బ్యాటరీకి మల్టీమీటరు పెట్టిస్తే, నిలిపి ఉన్న బండిలో 12.6 వోల్టులు ఉండాలి. 12.4 కంటే తక్కువైతే చార్జింగ్ పెట్టించి మర్నాడు మళ్లీ చూడండి, మళ్లీ దిగిపోతే కొత్త బ్యాటరీ వేయమనండి.

కాగితాల్లో ఫారం 21, ఫారం 22 (బండి నిబంధనల ప్రకారం ఉందని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్), ఇన్వాయిస్, ఇన్సూరెన్స్, ఈ నాలుగింట్లోనూ ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. డెలివరీ తనిఖీ షీటులో గంటల గడి ఖాళీగా పెట్టి సంతకం అడిగితే పెట్టకండి. మీటరు రీడింగ్ చుక్కతో సహా, 14.7 అని, మీ ముందే రాయించి షోరూం ముద్ర వేయించుకోండి. మీటరూ ఛాసిస్ ప్లేటూ ఒకదాని వెంట ఒకటి ఫొటో తీసుకోండి. వారంటీ అనేది "ఇన్ని ఏళ్లు లేదా ఇన్ని గంటలు, ఏది ముందైతే అది" అని ఉంటుంది. మోడల్‌ను బట్టి 2 ఏళ్లు లేదా 2000 గంటలు అనీ, 5 ఏళ్లు లేదా 5000 అనీ ఉంటాయి. ఏళ్ల లెక్క మీ ఇన్వాయిస్ తేదీ నుంచే మొదలవుతుందని సర్వీసు పుస్తకంలో రాయించాలి. డెమో బండిని డీలరు తన పేరు మీద రిజిస్టర్ చేసి ఉంటే మీరు ఆర్సీలో రెండో ఓనరు అవుతారు, రేపు అమ్మేటప్పుడు ధర అక్కడే తెగుతుంది. ట్రేడ్ సర్టిఫికెట్ (రిజిస్టర్ కాని బండిని తిప్పడానికి డీలరుకు ఇచ్చే అనుమతి) మీద తిప్పారా, రిజిస్టర్ చేసి తిప్పారా అని సూటిగా అడగండి.

డెమోకు వాడిన బండిని కొత్త బండిగా బిల్లు చేశారని డబ్బు కట్టాక తేలితే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ తనిఖీ షీటు, ఆ ఫొటోలు. కానీ మీరింకా డబ్బు కట్టలేదు కాబట్టి, మీ స్థానంలో ఉంటే యార్డులో 5 గంటల లోపు బండి ఇంకోటి ఉందా అని అడుగుతాను. లేదంటే ఈ బండికే పీటీవో పళ్లు, లింకుల రంధ్రాలు శుభ్రంగా ఉంటే తగ్గింపు అడిగి తీసుకుంటాను. పళ్ల మీద మెరుపు ఉంటే ఎంత తగ్గించినా కొత్త బండి కిందికి తీసుకోను.

తీసుకున్నాక మీటరును పని చేసే స్థితిలో ఉంచుకోవడం మీ పని. బాడుగకు తోలేటప్పుడు రైతు దగ్గర గడియారం గంటలకే డబ్బు తీసుకోండి, కేబుల్ మీటరు గంటలు రైతుకు చూపిస్తే పేచీ వస్తుంది. ఆయిల్ మార్పు మాత్రం ఎప్పుడూ మీటరు ప్రకారమే. కేబుల్ మెలిక పడి వంగితే, లోపల గ్రీజు ఆరిపోతే తెగుతుంది. డిజిటల్ అయితే షెడ్డులో ఎలుకలు వైరు కొరుకుతాయి. ఆగిపోయిన రోజునే రీడింగ్, తేదీ సర్వీసు పుస్తకంలో రాసి, వారంటీలో ఉండగానే మార్పించి, పాత మీటరు గంటలు, కొత్త మీటరు మొదలైన గంటలు రెండూ జాబ్ కార్డులో ఎక్కించండి. జాబ్ కార్డు నకలు తీసుకోకుండా రాకండి.