డ్రైడాక్‌కి ముందా, తర్వాతా? క్రూయిజ్ తేదీల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి క్రూయిజ్ ఉత్తరాలు ఎక్కువొచ్చాయి. చాలామంది చిక్కు ఒక్కటే: ఓడ మరమ్మతుకు వెళ్లే రోజులకు దగ్గరగా టికెట్టు కొనొచ్చా అని. అందుకే పేజీ అంతా దానికే ఇచ్చాం.

ప్రశ్న: మా అత్తమామల షష్టిపూర్తికి ఆరుగురం కలిసి సింగపూర్ నుంచి ఐదు రాత్రుల క్రూయిజ్ వెళ్దామనుకుంటున్నాం. ఒక తేదీకి మాత్రం తలకు పదకొండు వేలు తక్కువ చెబుతున్నారు. గుచ్చి గుచ్చి అడిగితే "ఆ ట్రిప్పు అయ్యాక ఓడ డ్రైడాక్‌కి వెళ్తుందండీ, అంతే" అన్నాడు ఏజెంటు. అసలీ డ్రైడాక్ ఏమిటి? ఆ తేదీ తీసుకోవచ్చా? (ఒక పాఠకురాలు, శ్రీకాకుళం)

జవాబు: వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, కళింగపట్నం వైపు పడవల్ని ఇసుక మీదికి లాగి, అడుగు గీకి రంగు వేసుకోవడం మీరు చూసే ఉంటారు. పెద్ద ఓడకూ అదే పని. కాకపోతే దాన్ని ఒడ్డుకు లాగలేరు గనక, పెద్ద తొట్టిలాంటి డాకులోకి తోలి, తలుపు మూసి, నీళ్లు తోడేస్తారు. నీళ్లు దిగేకొద్దీ ఓడ కింద వరసగా పేర్చిన దిమ్మల మీద కూర్చుంటుంది. ఆ దిమ్మలు ఆనిన చోట రంగు వేయడానికి కుదరదు. అందుకే వచ్చేసారి దిమ్మల్ని కాస్త జరిపి పేరుస్తారు.

ప్రయాణికుల ఓడ అడుగుభాగాన్ని ఏటా తనిఖీ చేయాలి. సోలాస్ అనే అంతర్జాతీయ నియమం ప్రకారం ఐదేళ్లలో కనీసం రెండుసార్లు నీళ్లలోంచి తీసి చూడాలి, ఆ రెండింటి మధ్య ఎడం 36 నెలలు దాటకూడదు. మిగతా ఏళ్లలో డైవర్లు మునిగి చూసినా సరిపోతుంది. కొత్త ఓడలకు కొన్ని సడలింపులున్నాయి. కాబట్టి డ్రైడాక్ అంటే ఓడ చెడిపోయిందని కాదు. మన లారీలకు ఫిట్‌నెస్ ఎలాగో ఇదీ అలాగే.

లోపల జరిగే పని రెండు రకాలు. మొదటిది ఓడ కోసం. గుల్లలు, నాచు గీకేసి మళ్లీ పట్టకుండా రంగు వేస్తారు. ఒకప్పుడు ఆ రంగులో తగరంతో చేసిన రసాయనం కలిపేవారు; సముద్రజీవుల్ని చంపుతోందని 2008 నుంచి అంతర్జాతీయంగా నిషేధించారు. లంగరు గొలుసును డాకు నేల మీద బారుగా పరిచి లింకు లింకూ కొలుస్తారు. మందం 12 శాతం అరిగిందంటే ఆ ముక్క తీసేయాల్సిందే. సముద్రపు నీరు లోపలికొచ్చే వాల్వులు, ప్రొపెల్లర్ షాఫ్టు సీళ్లు, ఓడ ఊగకుండా పక్కలకు చాచే స్టెబిలైజర్ రెక్కలు, ఇలా నీళ్లలో ఉండగా విప్పలేనివన్నీ ఇక్కడే విప్పుతారు. రెండోది మన కోసం: కార్పెట్లు, పరుపులు, రెస్టారెంట్ల మార్పులు. మీకు ఇబ్బంది కలిగించేది ఈ రెండో రకం పనే.

ఇక మీ తేదీ. డాకులో ఒక్కరోజు ఆలస్యమైనా కంపెనీకి నష్టం, అందుకని పని ముందే మొదలుపెడతారు. ఆఖరి ట్రిప్పులో కాంట్రాక్టు మనుషులు ఓడలోనే ఉంటారు, ఖాళీ క్యాబిన్లలో వాళ్లనే దింపుతారు. కారిడార్లలో కార్పెట్ చుట్టలు, డెక్కు మీద టైల్సు పెట్టెలు కనిపిస్తాయి. ఏదో ఒక బారో, వేడినీళ్ల తొట్టో మూసేస్తారు. షాపుల్లో సరుకు పలచబడుతుంది. అడుగున నాచు పట్టి ఓడ కాస్త బరువుగా నడుస్తుంది. కానీ ఒక పెద్ద లాభం: డాకు ఆలస్యం వల్ల మీ ట్రిప్పు రద్దయ్యే భయం లేదు, ఎందుకంటే మీరు డాకుకి ముందే దిగిపోతారు.

ఆరుగురికి తగ్గేది 66 వేలు. పూర్తి ధరలో అది ఐదో వంతుకు తగ్గకుండా ఉంటే, ఈత కొలనే ముఖ్యమనుకునే పిల్లలు మీలో లేకపోతే, తీసుకోండి. అంతకన్నా తక్కువైతే వద్దు, పాత కార్పెట్టుకి పూర్తి ధర కట్టినట్టే. డబ్బు కట్టే ముందు ఏజెంటు చేత కంపెనీకి ఈమెయిల్ పెట్టించి రెండు విషయాలు రాతలో తెప్పించుకోండి: ఆ ట్రిప్పులో ఏ డెక్కులు, ఏ సౌకర్యాలు మూసి ఉంటాయి, మీ క్యాబిన్ ఉన్న అంతస్తులో పని ఉందా. పెద్దవాళ్ల క్యాబిన్ మాత్రం పైనా కిందా క్యాబిన్లే ఉన్న అంతస్తులో అడగండి. కొలనుల డెక్కు కింద గది తీసుకుంటే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడుకే లేవాలి, పని జరుగుతుంటే ఇక చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఏజెంటుకి డ్రైడాక్ తేదీలు తెలియవట. కంపెనీ వెబ్‌సైట్లోనూ లేవు. మనమే తెలుసుకోగలమా? (బొబ్బిలి)

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చు. బుకింగ్ పేజీలో ఒకే ఓడను ఎంచుకుని, ఐదారు నెలల తేదీలు వరసగా కాగితం మీద రాసుకోండి. ప్రతి ఆదివారం ఏడు రాత్రులకు బయల్దేరే ఓడ అనుకుందాం. మే 3, 10, 17 తేదీల్లో ట్రిప్పులున్నాయి, ఆ తర్వాతది జూన్ 7. పదిహేడున వెళ్లింది 24న తిరిగొస్తుంది. అక్కణ్నుంచి జూన్ 7 దాకా పద్నాలుగు రోజులు ఆ ఓడ ఎక్కడుంది? డాకు దాకా పోయి రావడానికి రెండు నాలుగు రోజులు తీసేస్తే మిగిలేది పది పన్నెండు రోజులు, అంటే మామూలు డ్రైడాక్. నెలా, రెండు నెలలా ఖాళీ కనిపిస్తే భారీ మార్పులకు వెళ్తోందని.

ఒక్క ట్రిప్పు మాత్రమే మాయమై ముందూ వెనకా మామూలుగా ఉంటే తొందరపడకండి. ఏదో కంపెనీ తన ఉద్యోగుల కోసం ఓడ మొత్తం అద్దెకు తీసుకుని ఉండొచ్చు. ఖాళీకి ముందు ట్రిప్పు మాత్రం బయల్దేరిన రేవుకు తిరిగి రాకుండా యార్డు ఉన్న ఊళ్లో, సింగపూర్‌లోనో, స్పెయిన్‌లోని కాడిజ్‌లోనో, ఫ్రాన్స్‌లోని మార్సేలోనో, బహామాస్‌లోని ఫ్రీపోర్ట్‌లోనో ముగుస్తుంటే అనుమానం అక్కర్లేదు.

ఇంకో దారి: ఆ ఓడ కిందటిసారి డాకుకి ఎప్పుడు వెళ్లిందో వెతకండి. పెద్ద మార్పులైతే కంపెనీలే ఘనంగా ప్రకటించుకుంటాయి. మెరైన్‌ట్రాఫిక్, వెస్సెల్‌ఫైండర్ లాంటి సైట్లలో ఓడ ఇప్పుడెక్కడుందో కనిపిస్తుంది. కిందటిసారి నుంచి రెండున్నరేళ్లు దాటిందంటే తర్వాతది దగ్గర్లోనే ఉంది.

ప్రశ్న: మా బావమరిది షిప్పింగులో చేస్తాడు. "బావా, డాకు నుంచి వచ్చిన మొదటి ట్రిప్పే ఎక్కు, అన్నీ కొత్తవి" అంటున్నాడు. నిజమేనా? (పలాస)

జవాబు: మీ బావమరిది సరుకు ఓడ మీద చేస్తే అతనికది నిజమే. సిమెంటు బస్తాకి, ఇనుప ఖనిజానికి ఏసీ అక్కర్లేదు. ప్రయాణికుల ఓడ సంగతి వేరు. ఎలక్ట్రీషియన్ ఇంకా నిచ్చెన దిగకముందే గృహప్రవేశం పెట్టుకున్నట్టుంటుంది మొదటి ట్రిప్పు.

ఏసీ నుంచి మొదలుపెడదాం. ఓడలో చల్లదనాన్ని తయారుచేసే చిల్లర్లకు సముద్రపు నీరు కావాలి. డాకులో ఓడ చుట్టూ నీళ్లే లేవు, కాబట్టి అవన్నీ ఆపేస్తారు, లేదా అరకొరగా నడుపుతారు. మళ్లీ నీళ్లలో దిగాక పైపుల్లో గాలి చిక్కుకుంటుంది, కోసిన చెక్కపొట్టు, సిమెంటు దుమ్ము ఫిల్టర్లకు పట్టేసి ఉంటుంది. ఒక అంతస్తు వణికిస్తుంది, ఇంకో అంతస్తు ఉడికిస్తుంది.

టాయిలెట్లు నీళ్ల ఒత్తిడితో కాదు, గాలిని పీల్చే వ్యాక్యూమ్‌తో పనిచేస్తాయి. చాలా క్యాబిన్లు ఒకే లైనుకి కలిపి ఉంటాయి. రెండు వారాలు వాడకుండా పైపులు ఎండితే లోపల పేరుకున్న గార పెచ్చులుగా ఊడుతుంది, పనివాళ్లు పడేసిన చెత్తా తోడవుతుంది. మొదటి సాయంత్రం మూడు వేలమంది ఒక్కసారిగా వాడటం మొదలుపెట్టాక ఒకచోట అడ్డుపడితే ఆ వరస క్యాబిన్లన్నీ ఆగిపోతాయి. మీ టాయిలెట్ బటన్ నొక్కితే ఎప్పుడూ వచ్చే గట్టి చప్పుడు రాకుండా "హుస్" మని మెల్లగా పీలిస్తే, లైనులో ఒత్తిడి పడిపోయిందని. మళ్లీ మళ్లీ నొక్కకండి, పొంగుతుంది. వెంటనే రిసెప్షన్‌కి ఫోన్ చేయండి.

మనుషుల సంగతీ ఉంది. డాకు రోజుల్లో సిబ్బందిలో చాలామంది సెలవుకి వెళ్తారు, కొత్తవాళ్లు చేరతారు. మార్చేసిన రెస్టారెంట్లో ఏ టేబుల్ ఎక్కడో వడ్డించేవాడికే తెలియదు. ప్రకటనలో చూసిన కొత్త జారుడుబల్ల చుట్టూ ఇంకా తాడు కట్టే ఉంటుంది. ప్రకటనలో చూపిన కొత్త హంగుల్ని నమ్మి మొదటి రెండు ట్రిప్పులకు డబ్బు కట్టకూడదన్నది మా అభిప్రాయం.

అసలు ముప్పు వేరే. డాకు పని ఆలస్యమైతే మీ ట్రిప్పే ఉండదు. 2019 ఏప్రిల్ 1న ఫ్రీపోర్ట్ యార్డులో ఓయాసిస్ ఆఫ్ ది సీస్ అనే క్రూయిజ్ ఓడ మీద క్రేన్ కూలింది. మూడు ట్రిప్పులు రద్దయ్యాయి, ప్రయాణికులకు డబ్బు మొత్తం తిరిగిచ్చారు, ఓడను రిపేరుకి కాడిజ్ పట్టుకెళ్లారు. అంత పెద్ద ప్రమాదమే అక్కర్లేదు. విప్పి చూశాక షాఫ్టు సీలు అనుకున్నదానికన్నా అరిగి ఉండి, కొత్తది వేరే దేశం నుంచి రావాల్సి వచ్చినా చాలు.

అందుకని ఏడు రాత్రుల ఓడైతే డాకు తర్వాత నాలుగో ట్రిప్పు నుంచి, మూడు నాలుగు రాత్రులదైతే ఒక నెల దాటాక తీసుకోండి. కొత్త కార్పెట్ అప్పటికీ కొత్తగానే ఉంటుంది.

ప్రశ్న: మొదటి ట్రిప్పే బుక్ చేసేశాం. రద్దయితే మాకేం వస్తుంది? (చీపురుపల్లి)

జవాబు: కంపెనీయే రద్దు చేస్తే క్రూయిజ్ డబ్బు మామూలుగా మొత్తం వస్తుంది. నష్టమంతా దాని చుట్టూ ఉన్న ఖర్చులో. విశాఖ నుంచి సింగపూర్ విమానం విడిగా, తక్కువ ధర టికెట్టుగా కొంటే ఆ డబ్బు రాదు. వీసా ఫీజు రాదు. కొన్ని కంపెనీలు విమానం తేదీ మార్పుకు ఒక పరిమితి వరకు ఇస్తాయి, రసీదులు పంపితేనే. అందుకని తేదీ మార్చుకునే వీలున్న టికెట్టు, చివరి రోజు దాకా రద్దు చేసుకునే హోటలు తీసుకోండి. ఓడ ఎక్కే రోజుకి ఒకరోజు ముందే సింగపూర్‌లో ఉండాలి. ఇది డాకు ఉన్నా లేకున్నా పాటించాల్సిందే.

ప్రయాణ బీమా కొనేటప్పుడు "ట్రిప్ క్యాన్సిలేషన్" అన్న మాట చూసి ఊరుకోవద్దు. కింద కారణాల జాబితా ఉంటుంది. జబ్బు, మరణం, ప్రకృతి విపత్తు ఉండి, ఓడ కంపెనీ తనంతట తాను రద్దు చేయడం లేకపోతే ఆ పాలసీ ఈ విషయంలో పనికిరాదు.

ట్రిప్పు నడిచి, సౌకర్యాలు మాత్రం మూసి ఉంటే పరిహారం కష్టం. టికెట్టు షరతుల్లో వాటిని మార్చే హక్కు కంపెనీకి రాసే ఉంటుంది. అయినా అడగాలి. తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి, అదే రోజు గెస్ట్ సర్వీసెస్‌లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. దిగేలోపు ఓడలో ఖర్చుపెట్టుకునే క్రెడిట్ ఇస్తే ఇచ్చినట్టు. ఇంటికొచ్చి రాసే ఉత్తరానికి అంత విలువ ఉండదు.

మూసి ఉంటాయని తెలిసీ ఏజెంటు దాచాడనుకోండి, అప్పుడు దారి వేరు. కంపెనీ మీద దావా వేయాలంటే ఏ విదేశీ కోర్టో అని షరతుల్లో ఉంటుంది, కానీ మీకు ప్యాకేజీ అమ్మింది ఇక్కడివాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే, అంటే విజయనగరంలోనే, ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి. వీటన్నిటికీ జీఎస్టీ బిల్లు కావాలి. నగదు ఇచ్చి చిత్తు కాగితం మీద సంతకం పెట్టించుకున్నవాళ్లకు మేం చెప్పగలిగింది తక్కువ.

ప్రశ్న: విశాఖ నుంచి నడిచిన ఎంప్రెస్ అనే క్రూయిజ్ ఓడ 1990లో కట్టిందట కదా. అంత పాత ఓడ ఎక్కొచ్చా? (రాజాం)

జవాబు: ఫ్రాన్స్‌లో కట్టిన ఆ ఓడ మొదట్లో రాయల్ కరేబియన్ వాళ్లది, నిజమే. కానీ తనిఖీ నియమాలు పాత ఓడకి సడలవు, ఎడం పెంచే వెసులుబాటు దొరికేది కొత్తవాటికే. వయసు కన్నా "కిందటిసారి డాకుకి ఎప్పుడెళ్లింది" అని అడగండి. పోయినేడు డాకు చేసుకొచ్చిన ముప్పై ఏళ్ల ఓడ, రేపోమాపో డాకుకి వెళ్లాల్సిన ఎనిమిదేళ్ల ఓడ కన్నా లోపల శుభ్రంగా ఉండటం మామూలే.

ప్రశ్న: అమ్మకి ఆస్తమా. డాకు నుంచి వచ్చి పది రోజులైన ఓడలో తీసుకెళ్లొచ్చా? (సోంపేట)

జవాబు: వద్దండి. కార్పెట్ జిగురు, కొత్త ఫోమ్ వాసన మూసిన క్యాబిన్లలో వారాల తరబడి ఉంటుంది, కిటికీ తెరుచుకోని లోపలి గదిలో మరీను. తేదీ మార్చడం కుదరకపోతే బాల్కనీ గది తీసుకుని, ఎక్కగానే తలుపు ఓ గంట తీసి ఉంచండి. కొన్ని ఓడల్లో తలుపు తెరిస్తే గది ఏసీ దానంతటదే ఆగుతుంది, కంగారుపడకండి. వాసన తగ్గకపోతే ఆ రోజే పని జరగని అంతస్తులో గది అడగండి. మర్నాటికి ఖాళీలు ఉండవు. ఇన్‌హేలర్లు చేతి సంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలు క్యాబిన్‌కి చేరేసరికి సాయంత్రమవుతుంది. నెబ్యులైజర్ తెచ్చేటట్టయితే బుకింగ్ అప్పుడే చెప్పి రాయించండి. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం తేకండి, ఓడ ఎక్కేచోటే తీసేసుకుంటారు.