వేలూరు బస్సులో తమిళం నేర్చినట్టే

తిరుపతి నుంచి మెల్‌బోర్న్ వచ్చి రెండు నెలలైన ఒక చెల్లెలు అడిగింది: "అన్నా, పర్మనెంట్ వీసా మీదే వచ్చాం. డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాట రాదు. గ్రామర్ పుస్తకం మళ్ళీ మొదట్నుంచి పట్టాలా?"

వద్దమ్మా. మా చిత్తూరులో చాలామందికి తమిళం వచ్చు. ఎవరు గ్రామర్ చెప్పారు? వేలూరు బస్సులో చిల్లర కోసం గొడవపడి, మార్కెట్లో మామిడికాయలు బేరమాడి నేర్చుకున్నాం. తప్పు మాట్లాడితే నవ్వారు, పని మాత్రం జరిగింది. 1970ల నుంచి వ్యాపించిన కమ్యూనికేటివ్ పద్ధతి, అంటే మాట్లాడి పని జరుపుకుంటూ భాష నేర్చుకునే పద్ధతి, కూడా ఇదే దారి.

ఇక్కడ నా మొదటి ఇంగ్లిష్ క్లాసులో బస్సు టైములు సగం నా కాగితంలో, మిగతా సగం ఒక వియత్నాం ఆవిడ కాగితంలో ఇచ్చారు. తొంగిచూడకూడదు, అడిగి నింపుకోవాలి. నేను తప్పులతడకగా అడుగుతున్నా టీచరమ్మ పక్కనే నిలబడి దిద్దలేదు. ఈమాత్రానికి టీచరెందుకని ఒళ్ళు మండింది. చివర్లో అందరి తప్పుల్లోంచి నాలుగు ఏరి, పేర్లు చెప్పకుండా బోర్డు మీద రాసి మా చేతే దిద్దించింది. అందులో మూడు నావే.

ఉచ్చారణకు మాత్రం కష్టపడాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, బ్యాంకు, రోడ్డు అని చివర 'ఉ' తగిలిస్తాం. మనకు 'వ' ఒక్కటే, ఇంగ్లిష్‌లో రెండు: v కి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, w కి పెదాలు సున్నాలా చుట్టాలి. అద్దం ముందు చూసుకో. రేడియోలో మాట వినపడగానే అదే ఎత్తుపల్లాలతో వెంటవెంటనే అనడాన్ని షాడోయింగ్ అంటారు. రోజూ పది నిమిషాలు చెయ్యి. నేను ట్రామ్‌లో గొణుక్కుంటుంటే పక్కాయన సీటు మారాడు, పర్లేదు.

వలస వచ్చిన పెద్దలకు ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇంగ్లిష్ నేర్పే అడల్ట్ మైగ్రంట్ ఇంగ్లిష్ ప్రోగ్రామ్ 1948 నుంచి ఉంది, ఫీజు లేదు. మా రోజుల్లో 510 గంటలే ఇచ్చేవాళ్ళు, 2021లో ఆ పరిమితి తీసేశారు. బడికి పోని పిల్లలుంటే క్లాసు టైములో చూసుకునే ఏర్పాటూ ఉచితమే. ముందు నీ స్థాయి పరీక్షిస్తారు, వచ్చినంతే మాట్లాడు. స్టూడెంట్ వీసా మీద వచ్చి ఈ క్లాసులు దొరకనివాళ్ళు లైబ్రరీల్లో కబుర్ల గ్రూపులేమైనా ఉన్నాయేమో అడగండి.

క్లాసులో తెలుగువాళ్ళ పక్కన మాత్రం కూర్చోవద్దు. నేను కూర్చున్నా. నెలంతా మదనపల్లె టమోటా ధర గురించే మాట్లాడుకున్నాం.