పని వచ్చు, సర్టిఫికెట్ లేదు: ఇప్పుడు ఐటీఐ చేయించాలా?

జగిత్యాల నుంచి ఒక నాన్నగారు అడిగారు: మావాడు టెన్త్ అయ్యాక మూడేళ్లుగా ఊళ్లో ఎలక్ట్రీషియన్ దగ్గర చేస్తున్నాడు, హౌస్ వైరింగ్, మోటార్ కనెక్షన్లు అన్నీ వచ్చు, మళ్లీ ఐటీఐ అని రెండేళ్లు పోగొట్టుకోవడం ఎందుకు అని.

చేర్పించండి అన్నా. వాడికి పని రాదని కాదు, ఆ పని చూపించుకునే దాకా వెళ్లాలంటే ముందు ఫారం నింపాలి కదా. జూనియర్ లైన్‌మన్ పోస్టునే చూడండి, టెన్త్‌తో పాటు ఐటీఐ ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్, లేదంటే ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ అడుగుతారు, తర్వాత రాత పరీక్ష, ఆ తర్వాత స్తంభం ఎక్కించి చూస్తారు. సర్టిఫికెట్ ఉండీ స్తంభం ఎక్కలేక వెనక్కొచ్చే పిల్లలున్నారు, మీవాడు ఎక్కేస్తాడు, కానీ వాడిని అక్కడిదాకా రానివ్వరు, నాకు బాధంతా అదే. రైల్వే టెక్నీషియన్ గ్రేడ్ 3కి కూడా టెన్త్‌తో పాటు ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ అడుగుతారు.

ఆర్పీఎల్ అని ఒకటుంది, వచ్చిన పనినే టెస్ట్ చేసి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రైవేటులో పనికొస్తుంది గానీ ఐటీఐ అడిగిన చోట దాన్ని ఐటీఐగా లెక్కేయరు.

ఇంకో మాట, మేస్త్రి దగ్గర ఎలా చెయ్యాలో వస్తుంది, ఎందుకో చాలాసార్లు రాదు. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే లీకేజీ ఎక్కడుందో వెతక్కుండా దాన్నే తీసేసి డైరెక్ట్ ఇచ్చేసేవాళ్లున్నారు, ఓనర్ హ్యాపీ, రేపు గీజర్ దగ్గర ఎవరికైనా షాక్ కొడితే ఆపేది ఏమీ ఉండదు. లోడ్ లెక్క, కేబుల్ సైజు, ఎర్తింగ్ కూర్చుని నేర్చుకోవాల్సినవే. అందుకే క్లాసుకి రాకపోయినా సర్టిఫికెట్ ఇప్పిస్తాం అనే చోటికి మాత్రం అస్సలు పంపొద్దు, వర్క్‌షాప్ కళ్లారా చూసి చేర్పించండి.

వయసు గురించి భయపడకండి, ఐటీఐకి పై వయసు లిమిట్ లేదు. సాయంత్రాలు, సెలవుల్లో ఆ మేస్త్రి దగ్గర పని మానిపించొద్దు, చేతి పని అలాగే ఉంటుంది, నాలుగు డబ్బులూ వస్తాయి. అయ్యాక అప్రెంటిస్‌షిప్‌లో స్టైపెండ్ ఇస్తారు, ఇంకా చదువుతానంటే బ్రిడ్జ్ కోర్సు చేసి పాలిటెక్నిక్ సెకండియర్‌లోకి వెళ్లొచ్చు. సీట్లు టెన్త్ మార్కుల మెరిట్ మీద ఇస్తారు, గవర్నమెంట్ ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్‌కి పోటీ ఎక్కువ, కాబట్టి మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ ఇప్పుడే రెడీగా పెట్టుకుని ఫస్ట్ ఫేజ్‌లోనే అప్లై చేయండి అన్నా.