ఆ కాలమ్ ఎవరిది?

ఈ విడత ప్రశ్నలన్నీ సరిహద్దు ఒడిశా నుంచి, అన్నీ డేటా చుట్టూనే. అడిగినవాళ్ళ పేర్లూ కంపెనీల పేర్లూ తీసేసి ఊరు మాత్రం ఉంచాం. డేటా గురించి రాసే శీర్షికలో ఆ మాత్రం మర్యాద పాటించాలి కదా.

ప్రశ్న: చిన్న రుణాల సంస్థలో పదకొండేళ్ళు ప్రోగ్రామర్‌గా చేశాను. నిరుడు సీటీఓని, అంటే టెక్నాలజీ విభాగానికి పెద్దని చేశారు. ఇప్పటికీ రాత్రి రిపోర్టు ఆగిపోతే నేనే డేటాబేస్‌లోకి దిగి సరిచేస్తున్నాను. బోర్డువాళ్ళేమో "డేటా బాధ్యత మీదే" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? — బరంపురం

మీ పాస్‌వర్డుతో మొదలుపెట్టండి. లైవ్ డేటాబేస్ తాళం మీ జేబులో ఉన్నంతకాలం మీరు చేసిన మార్పును తనిఖీ చేసేవాళ్ళు ఉండరు. మీ కిందివాళ్ళకు ఆ పని రాదని మీరనుకుంటారు. ఎప్పుడూ చేయనివ్వకపోతే ఎలా వస్తుంది? మీ రోజువారీ అకౌంటుకు మార్చే హక్కు తీసేయండి, వీలైతే చూసే హక్కు కూడా. అత్యవసరానికి వేరే అకౌంటు ఒకటి పెట్టి, దాని పాస్‌వర్డు సగం ఒకరి దగ్గర, సగం మరొకరి దగ్గర ఉంచండి. దాన్ని తెరిచిన ప్రతిసారీ మిగతా ఇద్దరు ముగ్గురికి మెసేజ్ వెళ్ళాలి. ఎందుకు తెరిచారో మర్నాడు రెండు వాక్యాలు రాసి పెట్టాలి. మొదటి నెల చేతులు కట్టేసినట్టు ఉంటుంది, రిపోర్టులు ఆలస్యమవుతాయి. ఓర్చుకోండి.

తర్వాత లెక్కల పని. దానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనకండి, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. ఒక్క కస్టమర్ టేబుల్ తీసుకోండి. ప్రతి కాలమ్‌కీ ఐదు గడులు: ఎందుకు తీసుకున్నాం, ఎవరు వాడుతున్నారు, నకళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎప్పుడు చెరిపేస్తాం, జవాబు చెప్పే మనిషి ఎవరు. చివరి గడిలో "ఐటీ విభాగం" అని రాస్తే లెక్కలోకి రాదు, మనిషి పేరే ఉండాలి. టేబుల్‌లో అరవై కాలమ్‌లు ఉన్నాయనుకుంటే వారానికి పది చొప్పున ఆరు వారాల పని. ఒక్క ఆదివారంలో అరవైకి అరవై నింపేసేవాళ్ళు అన్నిటికీ "వ్యాపార అవసరం" అని రాస్తారు.

ఒక కాలమ్‌నే దగ్గరగా చూడండి: "భర్త లేదా తండ్రి ఫోన్ నెంబరు". అప్పు తీసుకున్నది ఆమె, ఒప్పుకున్నదీ ఆమె. ఆ నెంబరు మాత్రం ఆయనది, ఆయన్ని ఎవరూ అడగలేదు. ఎందుకు తీసుకున్నారని అడిగితే అత్యవసరంలో పిలవడానికి అంటారు. కాల్ రికార్డు తీసి చూస్తే వాయిదా తప్పిన మర్నాడే వసూలువాళ్ళు ఆయనకు ఫోన్ చేసి ఉంటారు. ఆమె అప్పు సంగతి ఇంట్లో తెలిసిపోయేది అలాగే. ఒక కారణం చెప్పి తీసుకుని ఇంకో పనికి వాడిన కాలమ్ అది. కొత్త దరఖాస్తుల నుంచి తీసేయండి, పాతవాటిని వసూలు తెర మీద కనపడకుండా చేయండి, ఆపై చెరిపే తేదీ పెట్టండి. ఇలాంటివి మీ టేబుల్‌లో ఇంకా కొన్ని తగులుతాయి.

నకళ్ళ గడి దగ్గర అందరూ బోల్తా పడతారు. అసలు డేటాబేస్‌కు కాపలా బాగానే ఉంటుంది. టెస్టింగ్ కోసం పోయినేడాది తీసిన పూర్తి కాపీ, బ్రాంచి మేనేజరు ప్రతి సోమవారం మెయిల్‌లో పంపే ఎక్సెల్, ఫీల్డువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆధార్ ఫోటోలు, ఎస్‌ఎమ్‌ఎస్‌లు పంపే వెండరు సర్వరు, ఎర్రర్ లాగ్‌లో (ప్రోగ్రాం తప్పులు నమోదయ్యే ఫైల్లో) పడిన ఫోన్ నెంబర్లు — వీటికి కాపలా ఎవరు? టెస్టింగ్ కాపీలో పేర్లూ నెంబర్లూ కల్పితాలతో మార్చేయడం ఒక మనిషికి మూడు నాలుగు రోజుల పని. ముందు అది చేయించండి. ఆధార్ కావలసిన చోట మాస్క్ చేసిన ప్రతి అడగండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

చట్టం సంగతి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. భద్రతకు తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. డేటా వెండరు దగ్గర పోయినా చట్టం ముందు నిలబడేది అప్పిచ్చిన సంస్థే. "అది వాళ్ళ సర్వరండీ" అన్న మాట అక్కడ చెల్లదు.

ప్రశ్న: మా ఖాతాదారుల్లో ఒకే మనిషి రెండు మూడు సార్లు నమోదై ఉంటున్నాడు. డూప్లికేట్లు కలిపే ప్రోగ్రాం పెడితే వేరే వేరే మనుషులు కలిసిపోతున్నారు. మోసాలు పట్టే రూలు పెడితే కొటియా వైపు దరఖాస్తులు చాలావరకు ఆగిపోతున్నాయి. లోపం ఎక్కడ? — రాయగడ

లోపం మీ ఊరి పేర్లను మీ ప్రోగ్రాం చదివే తీరులో ఉంది. తెలుగు వెంకటరావు ఒడియా దరఖాస్తులో "భెంకట్ రావు" అవుతాడు. ఒడియాలో మన "వ" లాంటి ధ్వని వాడుక తక్కువ కాబట్టి "భ"తోనో "బ"తోనో రాస్తారు. దాన్ని ఆపరేటరు ఇంగ్లీషు అక్షరాల్లోకి దించితే మొదటి అక్షరమే మారిపోతుంది. మీ ప్రోగ్రాం వాడుతున్నది పేర్లను ఉచ్చారణను బట్టి పోల్చే సౌండెక్స్ అయితే — చాలా డేటాబేస్‌లలో అది తయారుగా ఉంటుంది కాబట్టి అదే అయ్యుంటుంది — 1918లో అమెరికాలో పేటెంటైన పద్ధతి అది, ఇంగ్లీషు ఉచ్చారణకు కట్టింది. పేరులో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి మిగతావాటికి అంకెలిస్తుంది. వెంకట్‌కు వీ-523 వస్తే భెంకట్‌కు బీ-523 వస్తుంది. అంకెలన్నీ ఒకటే, అయినా మొదటి అక్షరం వేరు కాబట్టి ఇద్దరు మనుషులు! నిజానికి ఆ పద్ధతిలో వీ, బీ రెండూ ఒకే గుంపు, రెండిటికీ అంకె 1. మొదటి అక్షరాన్నీ అంకెగా మార్చేస్తే ఇద్దరికీ 1523 వస్తుంది. ఒక్క లైను మార్పు.

ఇక వేరే మనుషులు ఎందుకు కలిసిపోతున్నారంటే, రెండు కారణాలు ఉండొచ్చు. మన ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా దరఖాస్తు చివరి మాటను ఇంటిపేరనుకుంటుంది. దాంతో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి "రావు" ఇంటిపేరై కూర్చుంటుంది. ఊళ్ళో రావులందరూ ఒకే కుటుంబం. రెండోది పుట్టినతేదీ. సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్ళకు జనవరి 1 వేయడం అలవాటు. పేరు, పుట్టినతేదీ కలిస్తే ఒకే మనిషని మీ రూలు చెబుతుంటే, జనవరి 1 అప్పారావులు ఎంతమంది ఉంటే అంతమందీ ఒక్కడైపోతారు. జనవరి 1ని ఖాళీ గడి కిందే లెక్కపెట్టండి.

కలపడంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే మనిషి ఇద్దరిగా ఉంటే మీకు రెండు ఎస్‌ఎమ్‌ఎస్‌ల ఖర్చు. ఇద్దరు ఒకరిగా కలిసిపోతే ఒకరి ఎగవేత ఇంకొకరి నెత్తిన పడుతుంది. రెండూ సమానమైన తప్పులు కావు. కాబట్టి ఫోన్, గుర్తింపు కార్డు చివరి అంకెలు, తండ్రి లేదా భర్త పేరు, అసలైన పుట్టినతేదీ — వీటిలో పేరుతోపాటు కనీసం రెండు కలిస్తేనే మెషీన్ కలపాలి. ఒక్కటే కలిస్తే మనిషి చూడాలి. కలిపాక పాత రికార్డులు చెరపకుండా ఫలానా రెండూ ఒకటని వేరే టేబుల్‌లో రాసుకోండి, తప్పైతే విడదీయొచ్చు. ప్రోగ్రాం వదిలే ముందు రెండొందల జంటలు తీసి, తెలుగు, ఒడియా రెండూ చదవగలిగినవాళ్ళ చేత చేతితో సరిచూపించండి. తెలుగు పేర్లలో ఎన్ని తప్పులు, ఒడియా పేర్లలో ఎన్ని, కొంధు, సవర పేర్లలో ఎన్ని అన్నది విడివిడిగా లెక్కించండి. మొత్తానికి ఒకే శాతం చూపించే నివేదికను నమ్మకండి. తప్పులన్నీ ఒక గుంపు మీదే పడుతున్నా ఆ అంకె బాగానే కనిపిస్తుంది.

కొటియా సంగతి వేరే. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ తమవే అంటున్న గ్రామాలవి. అక్కడివాళ్ళ దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉండటం అందరికీ తెలిసిందే. ఒక కార్డులో కొరాపుట్ జిల్లా, ఇంకో కార్డులో సాలూరు కనిపించగానే మీ రూలు "మోసం" అని ముద్ర వేస్తోంది. చిరునామాలు రెండు ఉండటం వాళ్ళ తప్పు కాదు. ఆ రూలు దరఖాస్తును ఆపకూడదు, మనిషి చూడవలసిన వరసలోకి పంపాలి, అంతే. పిన్‌కోడ్ వారీగా ఎన్ని తిరస్కరించారో నెలకోసారి తీసి చూడండి. పక్క ఊళ్ళకన్నా ఒక ఊరిలో రెండింతలుంటే, కారణం తేలేదాకా ఆ రూలు ఆపే అధికారం ఎవరో ఒకరికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ అధికారం అమ్మకాలవాళ్ళకు వద్దు.

ప్రశ్న: సమ్మతి నోటీసు మా లాయరు ఇంగ్లీషులో రాసిచ్చారు. ఒడియా, తెలుగుల్లోకి మార్పించాం. సరిపోతుందా? — పర్లాకిమిడి

చట్టం అడిగేది ఇంగ్లీషుగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదైనాగానీ ఎంచుకునే వీలు. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయి. సవర, కుయి లేవు. మీ కొండవైపు ఖాతాదారుల్లో ఆ భాషలవాళ్ళు ఉంటే, చట్టం అడగలేదు కదా అని వదిలేయకండి. నిమిషంన్నర ఆడియో రికార్డు చేయించి ఫీల్డు టాబ్లెట్‌లో పెట్టండి.

తెలుగు ప్రతి మాత్రం ఒకసారి బయటికి చదివి చూడండి. "మీ వ్యక్తిగత సమాచారము సంస్థ యొక్క ప్రయోజనార్థము సంగ్రహించబడును" అని ఉంటే చించేయండి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడిందీ, సవర భాష నేర్చుకుందీ మీ ఊళ్ళోనే కదా! ఇలా రాయండి: "మీ ఫోన్ నెంబరు వాయిదా తేదీ గుర్తుచేయడానికి మాత్రమే వాడతాం. వద్దనుకుంటే ఇదే తెర మీద 'వద్దు' నొక్కండి. అప్పు ఆగదు." ఒక్కో అవసరానికి ఒక్కో టిక్కు ఉండాలి, ముందే టిక్కు పెట్టి ఉండకూడదు. ఒప్పుకోవడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలని చట్టమే చెబుతోంది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు పెట్టి, మానుకోవడానికి బ్రాంచికి రమ్మంటే కుదరదు.

ప్రశ్న: డేటా నాయకత్వానికి ఏ సర్టిఫికెట్ మంచిది? — ఛత్రపురం

ఏదైనా ఫరవాలేదు, ముందు నెలకొక రోజు ఫీల్డు ఆఫీసరు వెంట తిరిగి దరఖాస్తు నింపడం చూడండి.

ప్రశ్న: మా ఫీల్డు ఉద్యోగి ఫోను రైల్లో పోయింది. నాలుగు రోజుల తర్వాత గానీ మాకు చెప్పలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలి? — జయపురం

మొదటి గంటలో అతని లాగిన్ ఆపేయాలి, ఫోన్‌ను దూరం నుంచి చెరిపేసే ఏర్పాటుంటే చెరిపేయాలి, సిమ్ బ్లాక్ చేయించాలి, పోయిన సమయం నుంచి ఆ లాగిన్‌తో ఏం జరిగిందో లాగ్ తీసి పక్కన పెట్టాలి. ఫోన్‌కు లాక్, ఎన్‌క్రిప్షన్ (తాళం లేనిదే డేటా చదవలేని ఏర్పాటు) ఉండి, యాప్‌లో డేటా నిలవ ఉండకపోతే ఊపిరి పీల్చుకోవచ్చు. సిగ్నల్ లేని ఊళ్ళ కోసం రోజంతటి జాబితా ఫోన్‌లోనే దాచే యాప్‌లు ఉంటాయి, మీ వైపు అదే మామూలు. అలాంటప్పుడు ఎంతమంది వివరాలు అందులో ఉన్నాయో లెక్క తేల్చాలి.

డేటా బయటికి పోయిందని తేలితే, తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. ఇది 2022 ఏప్రిల్ ఆదేశాల నుంచీ ఉన్నదే. కొత్త చట్టం బాధ్యతలు మొదలయ్యాక డేటా రక్షణ బోర్డుకూ, ఆ వివరాలు ఎవరివో వాళ్ళకూ ఆలస్యం లేకుండా చెప్పాలి. పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకివ్వాలి. చెప్పకపోతే జరిమానా 200 కోట్ల దాకా. సెర్ట్-ఇన్ 180 రోజుల లాగ్‌లు అడుగుతుంది, కొత్త నియమాలు ఏడాది అంటాయి. ఏడాదే ఉంచండి.

ఇప్పుడు ఆ నాలుగు రోజుల సంగతి. ఫోన్ పోతే ఖరీదు జీతంలో కోస్తారని మీ కంపెనీ రూలు ఉందేమో చూడండి. ఉంటే ఎవరూ వెంటనే చెప్పరు, రెండో చేతి ఫోను కొని పూడ్చే ప్రయత్నంలో ఉంటారు. రెండు గంటల్లోపు చెప్పినవాళ్ళకు కోత ఉండదని రాసి, ఆ కాగితం మీద మీరే సంతకం చేసి బ్రాంచి గోడకు అంటించండి. ఫోన్ చేయాల్సిన నెంబరు అందులోనే ఉండాలి, రాత్రిపూట ఎత్తే నెంబరై ఉండాలి.

ప్రశ్న: మాది కుటుంబ వ్యాపారం. ఎమ్‌డీ మా సొంత మేనమామ. ఖాతాదారుల జాబితా ఒక బీమా ఏజెన్సీకి ఇవ్వమంటున్నారు. ఒక్క ఫైలే కదా అంటున్నారు. మావయ్యకు ఎదురెలా చెప్పను? — గుణుపురం

ఎదురు చెప్పకండమ్మా, కాగితం ముందు పెట్టండి. ఒక పేజీ, ఐదు గడులు: ఎవరి వివరాలు, ఎన్ని పేర్లు, ఏ పనికి అని చెప్పి తీసుకున్నాం, ఇప్పుడు ఏ పనికి ఇస్తున్నాం, వాళ్ళు ఒప్పుకున్న రుజువు ఎక్కడుంది. కింద రెండు సంతకాలు, మీదొకటి, మావయ్యదొకటి. "మావయ్యా, ఐదో గడి నేను నింపలేకపోతున్నాను. మీరు నింపి సంతకం పెడితే ఫైలు పంపిస్తాను, నా సంతకం మాత్రం ఉండదు" అనండి. అందరి ముందూ మీటింగులో కాదు, ఇంట్లో, భోజనాలయ్యాక.

వ్యాపారం పోతుందన్నది ఆయన భయమైతే దానికీ దారి ఉంది. జాబితా ఇవ్వకుండా మీరే ఖాతాదారులకు ఒక మెసేజ్ పంపి, కావాలన్నవాళ్ళ నెంబర్లు మాత్రమే ఏజెన్సీకి ఇవ్వండి. ఆ మెసేజ్ పంపడానికైనా అలాంటి కబుర్లకు ఒప్పుకున్నవాళ్ళనే ఎంచుకోండి. పేర్లు తక్కువ వస్తాయి, ఏజెన్సీ రేటు దగ్గర బేరమాడుతుంది. ఆ బేరం మాత్రం మావయ్యకే వదిలేయండి.