నాయకులకు సైన్స్ అర్థంకాక కాదు

"శాస్త్రవేత్తలు ముందే హెచ్చరించినా నాయకులు డబ్బు వైపే ఎందుకు మొగ్గుతారు? సైన్స్ అర్థంకాకనా?" అని అడిగారు. అర్థమవుతుంది, శుభ్రంగా అర్థమవుతుంది. కళ్లారా చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఒకప్పుడు నేను నీటి నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. ఒక నదిలో ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చోట, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోయింది. అలా ఎక్కువసేపు ఉంటే చాలా రకాల చేపలు బతకవు. మా సారు ఆ గ్రాఫు పట్టుకుని మీటింగుకు వెళ్తూ, ఫైళ్లు మోయడానికి నన్నూ వెంట తీసుకెళ్లారు.

అక్కడున్న నాయకుడు మొద్దేమీ కాదు. గ్రాఫు చూడగానే, "ఈ గీత రాత్రిపూటే ఎందుకు ఇంతగా దిగుతోంది?" అని అడిగారు. మా సారు సంబరపడిపోయి, పగలు నాచు ఆక్సిజన్ వదులుతుందనీ, రాత్రి అదే తిరిగి వాడేసుకుంటుందనీ వివరించారు. ఆయన తలూపి ఫ్యాక్టరీ ప్రతినిధి వైపు తిరిగారు. "మూసేస్తే ఎంతమంది రోడ్డున పడతారు?" అంకె సిద్ధంగా ఉంది, లామినేషన్ చేయించిన కాగితం మీద! తర్వాత మమ్మల్ని అడిగారు: "మూయకపోతే నష్టమెంత?" మా సారు నీళ్లు నమిలారు. ఆ లెక్క కట్టమని మాకు ఎవరు చెప్పారు గనక? ఆ చేపల మీద బతికేవాళ్లెందరు, ఆ నీళ్లు తాగేవాళ్లెందరు అని లెక్క తీయడానికి ఎవరూ పైసా ఇవ్వరు. మాకైతే శాంపిల్ సీసాలు కొనాలన్నా సంతకాల కోసం తిరగడమే సరిపోయేది. చివరికి "మరింత అధ్యయనం అవసరం" అని ఒక కమిటీ వేసి లేచిపోయారు. కమిటీ అంటే నాకు ఒళ్లు మండేది అప్పటినుంచే.

అసలు సంగతి ఇదీ: లాభాన్ని లెక్కగట్టడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెడతారు, నష్టాన్ని మాత్రం అంతా అయిపోయాకే లెక్కబెడతారు. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ కాడ్ చేపల సంగతే చూడండి. 1989లో ఏటా పట్టే చేపల పరిమితిని దాదాపు సగానికి, అంటే 1,25,000 టన్నులకు తగ్గించమని శాస్త్రవేత్తలు చెప్పారు. ఉద్యోగాలు పోతాయని ప్రభుత్వం 2,35,000 టన్నుల దగ్గర ఆపింది. 1992 జులైలో వేటనే నిషేధించాల్సి వచ్చింది. సుమారు 30,000 మంది ఉపాధి పోయింది. ఏ ఉద్యోగాల కోసం మాట వినలేదో ఆ ఉద్యోగాలే! రెండేళ్లకని పెట్టిన నిషేధం 2024 దాకా సాగింది.

"మరి ఓజోన్ విషయంలో విన్నారు కదా" అంటారేమో. విన్నారు, ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కానీ ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీ రసాయనాలు ఆ పొరను దెబ్బతీస్తాయని శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ హెచ్చరించింది 1974లో. పెద్ద కంపెనీలకు ప్రత్యామ్నాయ రసాయనాలు అమ్ముకునే దారి కనిపించాకే పని చురుగ్గా సాగిందని నా గట్టి నమ్మకం.

నన్నడిగితే, శాస్త్రవేత్తల సలహా నివేదిక మంత్రి టేబుల్ మీదికి వెళ్లిన రోజే జనం చేతికీ రావాలి. "మూయకపోతే నష్టమెంత" అనే లెక్క కట్టే ఖర్చు కూడా ఫ్యాక్టరీ దగ్గరే వసూలు చేయాలి.